అడుగు లేని గోతులు

ఎచ్చెర్ల,
జూలై 8, 2024.

మావయ్యా,

నీ చెవులు అలా అయినప్పటి నుంచి నీతో మాట్లాడాలంటే రాంబాబు బావ ఫోన్ ఎత్తాలి, నేను చెప్పిన పది మాటల్లో రెండు నీకు చేర్చాలి. ఈసారి సంగతి రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే కాగితం తీశాను.

మూడు నెలలుగా ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. డ్రైనేజీ గొట్టాలు లేని ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి, సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, ఎంత లోతు, ఆఖరుసారి ఎప్పుడు తోడించారు, నుయ్యి ఎంత దూరంలో ఉంది అని రాసుకుంటాం. పాడైనవాటిని ఎలా బాగుచేసుకోవాలో చెబుతాం. అమ్మకి ఇది ఉద్యోగంలా కనబడటం లేదు. "యూనివర్సిటీలో సదివించినాను, ఊరందరి దొడ్లెనకాలా తిరగడానికా?" అంటుంది.

నాకిచ్చిన ఊళ్ళలో మన ఇసుకలపేట కూడా ఉంది. పెద్ద వీధిలో నలభై ఒక్క ఇళ్ళు. ఏ ఇంట్లో అడిగినా నీ పేరే. మొన్న దాలమ్మ పెద్దమ్మని, "మీ ట్యాంకు ఎక్కడుంది పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకేటి తెల్సు? మీ మావ తవ్వినాడు, కట్టినాడు, మూసినాడు. నిండితే కదా ఎక్కడున్నాదో ఎతుక్కోడానికి!"

"ఎప్పుడూ తోడించలేదా?"

"పద్దెనిమిదేళ్ళయినాది. సుక్క పైకి రానేదు. జగన్నాధం సెయ్యి అలాటిది."

వినడానికి గర్వంగానే ఉంది. కానీ మావయ్యా, ట్యాంకన్నాక నిండాలి కదా? నలుగురున్న ఇల్లయితే మూడు నాలుగేళ్ళకొకసారి తోడించాలని మేము అందరికీ చెబుతాం. నలభై ఒక్క ఇళ్ళలో ఒక్కటీ నిండలేదంటే నాకు అర్థం కాలేదు. పైగా ఈ ఎండాకాలం నుంచి ఊళ్ళో ఆరుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. నా తొందర అందుకే.

దీనితో వీధి పటం గీసి పంపుతున్నాను. నూతులు నీలం సిరాతో గుర్తుపెట్టాను. ట్యాంకులు నువ్వు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టు. అడుగున కాంక్రీటు ఎంత మందం పోశావో పక్కన రాయి. నీకు గంట పని.

నీ
ఈశ్వరి


శృంగవరపుకోట,
జూలై 21.

ఈశ్వరమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ మధ్య నాకు ఉత్తరం రాసినవాళ్ళు లేరు. పోస్టుమ్యాన్ కొట్టు ముందు నిలబడి నా పేరు అరుస్తుంటే రాంబాబు వచ్చి నా భుజం తట్టాల్సివచ్చింది.

మీ అమ్మ మాట పట్టించుకోకు. ఊరందరి దొడ్ల వెనకాలా నేనూ ముప్ఫై ఏళ్ళు తిరిగాను. ఆ మట్టిలోంచే రాంబాబు చదువూ వచ్చింది, ఈ సిమెంటు కొట్టూ వచ్చింది. పొద్దున్న వచ్చి కూర్చుంటాను. ఎవరైనా గొట్టం సైజు తెలియక తికమకపడుతుంటే చేత్తో కొలిచి చూపిస్తాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి. కొండల మీద మబ్బు పొద్దెక్కినా లేవడం లేదు.

పటం బాగా గీశావు. కానీ ఆ సన్న గీతలు నా కళ్ళకు ఆనడం లేదమ్మా. నీ కష్టం పాడవకూడదని తిరిగి పంపుతున్నాను. మందాలూ కొలతలూ ఇన్నేళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటాయి? మన ఊరి నేల ఇసుక నేల, నీటిని లాగేస్తుంది. అందుకే నిండలేదు. అందులో వింత లేదు.

పచ్చకామెర్లు తిండి తేడా వల్ల కూడా వస్తాయి. అయినా నీళ్ళు కాచుకుని తాగమని ఊళ్ళో చెప్పు. దాలమ్మ వరసలోవాళ్ళకు ముఖ్యంగా చెప్పు. తవిటమ్మ ఇంట్లో మరీ గట్టిగా చెప్పు.

ఒంట్లో జాగ్రత్త. గొడుగు లేకుండా తిరగకు.

మావయ్య


ఎచ్చెర్ల,
ఆగస్టు 6.

మావయ్యా,

తవిటమ్మత్త ఇంట్లో మరీ గట్టిగా చెప్పమన్నావు. ఎందుకు? ఆరుగురు జబ్బు మనుషుల పేర్లలో ఒక్కటి కూడా నేను నీకు రాయలేదు. ఎవరి ఇల్లో నీకెలా తెలుసు?

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్ళి ఆ వరసలో నూతుల నీళ్ళు పరీక్ష సీసాల్లో పట్టాను. చిన్న సీసా, అందులో మందు కాగితం ఉంటుంది. మలం కలిసిన నీళ్ళయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. తొమ్మిది నూతులకు తొమ్మిది సీసాలూ నల్లబడ్డాయి. తవిటమ్మత్తది సాయంత్రానికే నల్లబడింది.

వాళ్ళ కోడలు పద్మకుమారి నీకు తెలియదు. ధర్మేంద్ర పెళ్ళికి నువ్వు రాలేదు. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఇప్పుడు ఏడో నెల. కళ్ళు పచ్చబడి పది రోజులు ఇంట్లోనే ఉంది, ఎవరో ఇచ్చిన ఆకు పసరు తాగుతూ. మొన్న మనుషుల్ని గుర్తుపట్టలేకపోతే శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నీళ్ళ వల్ల వచ్చే ఈ రకం కామెర్లు మామూలువాళ్ళకు తగ్గిపోతాయట, కడుపుతో ఉన్నవాళ్ళ మీద మాత్రం పగబట్టినట్టు వస్తాయట. డాక్టరమ్మ చెప్పింది.

ఈ పరీక్ష సంగతి విని అమ్మ నా మీద విరుచుకుపడింది. "మీ మావ పేరు ఈదిలోకి ఈడిస్తే నీకేటొస్తాది?" అంది. నాకేమీ రాదు మావయ్యా. నిజం కావాలి. పటం మళ్ళీ పంపుతున్నాను. ఈసారి లావు పెన్నుతో పెద్దగా గీశాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ ట్యాంకులకు అడుగు ఉందా, లేదా?

ఈశ్వరి


శృంగవరపుకోట,
ఆగస్టు 14.

ఈశ్వరమ్మా,

లేదు.

నలభై ఒక్కటిలో ఒక్కదానికీ లేదు. మీ అమ్మ ఇంటిదానికి కూడా లేదు. పటం మీద ఎర్ర గుర్తులన్నీ పెట్టాను. కళ్ళు బాగానే కనబడతాయి.

మొదటిది దాలమ్మ ఇంట్లో. ఏడడుగులు తవ్వేసరికి అడుగున నీళ్ళూరాయి. తోడితే ఊరుతున్నాయి, తోడితే ఊరుతున్నాయి. నీళ్ళలో కాంక్రీటు పడదు. మోటారైనా తెప్పించాలి, ఎండాకాలం దాకా అయినా ఆగి పొయ్యాలి. వాళ్ళింట్లో పెళ్ళి దగ్గరపడింది. "బావా, గోడలు నేపీ, మూసీ, సాలు" అన్నాడు దాలమ్మ పెనిమిటి. గోడలు లేపాను, మూశాను. మనసులో గుచ్చుకుంటూనే ఉంది, ఎండలొచ్చాక సరిచేద్దామనుకున్నాను.

ఎండలొచ్చేసరికి ఊరంతా వేరే మాట. దాలమ్మ ట్యాంకు నిండటం లేదట, అలాంటిదే మాకూ కావాలి. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చి అడిగేవారు. అది ట్యాంకు కాదు, చుట్టూ గోడ కట్టిన గొయ్యి. వచ్చిందంతా ఇసకలోంచి కింద నీటిలో కలిసిపోతుంది కనక నిండదు. నాకు తెలుసు. కానీ జీవితంలో మొదటిసారి మేస్త్రీగా పేరొచ్చింది. నోరు మూసుకున్నాను.

ఇంకొకటుంది, అది నువ్వు పటంలో చూసే ఉంటావు. ఆ వరసలో ఇళ్ళన్నీ ఉత్తరం ముఖం. వాస్తు ప్రకారం నుయ్యి ఈశాన్యం మూల, గొయ్యి వాయవ్యం మూల. ఒక్క ఇంటికైతే రెండూ చెరో చివర. కానీ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. తవిటమ్మ ఈశాన్యం పక్కనే దాలమ్మ వాయవ్యం. అలా వరసంతా. ఎవరింటికి వాళ్ళు దూరం చూసుకున్నారు. పక్కింటి నుయ్యి ఎంత దూరమో చూడాల్సినవాణ్ణి నేను. తవిటమ్మ నూతికీ దాలమ్మ గోతికీ మధ్య తొమ్మిది అడుగులు.

2011 వానాకాలంలో తవిటమ్మ నన్ను పిలిచింది, నూతి లోపలి సిమెంటు వర పగిలిందని. వంగి చూస్తే వాసన. ముక్కు పట్టుకోవాల్సిన వాసన కాదు, కానీ ముప్ఫై ఏళ్ళు అదే పనిలో ఉన్నవాడికి తెలుస్తుంది. "బ్లీచింగు పోస్తూ ఉండండి" అని చెప్పి వర అతికించి వచ్చేశాను. ఆ తర్వాత ఆ ఊళ్ళో పని పట్టలేదు. ఏడాది తిరిగేసరికి కొడుకు కొట్టు సాకు చెప్పి ఇక్కడికొచ్చేశాను. ధర్మేంద్ర పెళ్ళికి రానిది కూడా అందుకే. ఆ ఇంట్లో కూర్చుని విస్తట్లో నీళ్ళు చల్లుకోలేకపోయాను.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ అత్త బతికుండగా ఆమెకూ చెప్పలేదు.

ఆ పిల్లకి ఎలా ఉందో వెంటనే రాయి.

మావయ్య


విజయనగరం,
ఆగస్టు 27.

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. పటం కూడా. నాకు కోపం ఉంది, అది ఇప్పుడు రాయను.

ఇరవై నాలుగో తారీఖున రామమందిరం దగ్గర అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. నీ పేరు చెప్పకుండానే చెప్పాను. ట్యాంకులకు అడుగు లేదు, నూతుల్లో కలుస్తోంది, పాతవి మూసి, దక్షిణం వైపు దొడ్లో కొత్తవి కట్టుకోవాలి అని. ఒక్కరు కూడా నమ్మలేదు. "బంగారం లాటి ట్యాంకులు పగలగొట్టి, రెండేళ్ళకోసారి నిండేవి కట్టుకోమంతావేటి?" అన్నారు. "దచ్చినం పక్క గొయ్యి తవ్వితే ఇంటికి అరిష్టం" అన్నారు. దాలమ్మ పెద్దమ్మ అయితే లేచి వెళ్ళిపోయింది.

వాళ్ళు నా సీసాలను నమ్మరు. కట్టినవాడు చెబితే నమ్ముతారేమో. నువ్వు రావాలి. నేను ఇక్కడ ట్రైనింగులో ఉన్నాను, సెప్టెంబరు పదిహేను దాకా కదలడానికి లేదు. ఆ తర్వాత కోటకి వచ్చి నిన్ను నేనే తీసుకెళతాను. అప్పటిదాకా ఆగు.

పద్మకుమారి సంగతి కలిసినప్పుడు చెబుతాను.

ఈశ్వరి


ఇసుకలపేట,
సెప్టెంబరు 5.

ఈశ్వరీ,

నీ కోసం ఆగలేదు. మొన్న మంగళవారం ఒక్కణ్ణే బస్సెక్కి వచ్చాను. మీ అమ్మ ఇంటికి కూడా పోకుండా ముందు తవిటమ్మ ఇంటికే వెళ్ళాను. ముందు ఆమెకు చెప్పుకోవాలి, తర్వాతే మిగతావాళ్ళకు అనుకున్నాను.

అరుగు మీద కూర్చుని చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచింది. బస్సులో అనుకుంటూ వచ్చిన మొదటి మాట అడిగాను.

"కోడలెలాగున్నాది తవిటమ్మా?"

ఆమె ఏదో అంది. పెదాలు కదిలాయి తప్ప నాకు వినపడలేదు.

"ఏటీ?" అన్నాను.

మళ్ళీ అంది. నేను ఎడమ చెవి దగ్గరగా పెట్టి, మళ్ళీ "ఏటన్నావు?" అన్నాను. అప్పుడు ఆమె అరిచింది.

"సచ్చిపోనాది బావా! నా కోడలు సచ్చిపోనాది!"

వీధంతా వినబడింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. ఆ మాట ఆమె చేత అన్నిసార్లు అనిపించాను నేను. పదిహేడో తారీఖున పోయిందట. నువ్వు ఉత్తరం రాసింది ఇరవై ఏడున. నీకు తెలుసు. తెలిసి కూడా "కలిసినప్పుడు చెబుతాను" అని రాశావు. చెబితే రాననుకున్నావా? ఒకవేళ రాకపోదునేమో. అయినా చెప్పి ఉండాల్సింది ఈశ్వరీ.

ఆమె నన్ను కూర్చోమంది. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను చెంబు వైపే చూస్తున్నాను. "కాసిన నీలే, తాగు" అంది. తాగాను. ఆ తర్వాత మొత్తం చెప్పాను. దాలమ్మ గొయ్యి, తొమ్మిది అడుగులు, వర పగిలిన రోజు నాకొచ్చిన వాసన, బ్లీచింగు.

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేట తీసి పక్కన పెట్టింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. ఆ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"పసరు నానే పట్టినాను బావా. ఆస్పత్రికి ఎల్దామని మావోడు ఏడ్సినాడు. తగ్గిపోతాది, ఉండరా అన్నాను. పచ్చెం సెయ్యట్లేదని దాన్ని తిట్టినాను. నానే సంపుకున్నానని ఈ పదేడు రోజులూ ముద్ద దిగనేదు నాకు. నువ్వు పదమూడేల్లనాడు తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను" అన్నాను.

"ఐతే ఇద్దరం" అంది. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల ఇంకా ఆసుపత్రిలో గాజు పెట్టెలోనే ఉంది. ధర్మేంద్ర అక్కడే ఉంటున్నాడు.

నిన్న పొద్దున్న వీధివాళ్ళని మీ అమ్మ దొడ్లోకి పిలిచాను. మీ అమ్మ ఏడుస్తూనే ఉంది, పిలవొద్దంటూనే ఉంది. ముందు అందరికీ ఒకటే చెప్పాను, గోతిలోకి ఎవరూ దిగకూడదు, విషపు గాలి ఉంటుంది, చూడాల్సిందంతా పైనుంచే చూడొచ్చని. గాలి గొట్టం ఊడదీసి ఆ కంతలోంచి వెదురు గడ దింపాను. అడుగు ఉంటే ఏడడుగుల దగ్గర ఠక్కున ఆగాలి. ఆగలేదు. నొక్కితే దిగుతూనే పోయింది. పైకి లాగితే చివరన తడి ఇసక అంటుకుని వచ్చింది.

అయినా గొణుగుతున్నారు. అప్పుడు మేము మట్టం చూసే నీళ్ళ ట్యూబు తెచ్చి, గోతి మీదా పక్కింటి నూతి మీదా ఒకే ఎత్తులో కర్రలు కట్టాను. రెండు కర్రల నుంచీ రాయి కట్టిన తాళ్ళు వదిలాను. తీసి పక్కపక్కన పరిచాను. కర్ర దగ్గరి ముడి నుంచి కొలిస్తే రెండూ ఒకే లోతు దగ్గర తడిశాయి.

"గోతిలో నీలూ నూతిలో నీలూ ఒకటే" అన్నాను. "నాను కట్టినవన్నీ ఇలాటివే. నా సెయ్యి మంచిదని మీరన్నారు. కాదు. నాకు తెలిసే సేసినాను."

తర్వాత ఎవరేమన్నారో నాకు సగం వినపడలేదు. ముఖాలు చూశాను, చాలు. ఒకడు నా మీదికి వచ్చాడు, ఇంకెవరో పట్టుకున్నారు. దాలమ్మ మాత్రం నా ముందుకొచ్చి, నాకు వినపడాలనే గట్టిగా అరిచింది.

"ఐతే నా గొయ్యి ఆ పిల్లని సంపిందంతావా? నలుగురిలో అంతావా?"

నాది తప్పు, నీది కాదు అని ఎంత చెప్పినా వినలేదు.

మావయ్య


విజయనగరం,
సెప్టెంబరు 9.

మావయ్యా,

నీ ఉత్తరం హాస్టలు మెట్ల మీద కూర్చుని చదివాను. మధ్యలో రెండుసార్లు ఆపాను.

పద్మకుమారి పోయిన సంగతి ఆ రోజు సాయంత్రమే నాకు తెలుసు. నిజంగా నువ్వు రావనే భయంతో దాచాను. నువ్వొస్తే నలభై ఇళ్ళు బాగుపడతాయి, ఒక్క మాట దాస్తే ఏమవుతుందని లెక్క వేసుకున్నాను. నీ ఉత్తరం చదివి, నీ మీద కోపంతో ఊగిపోతున్న రోజుల్లోనే నేనూ అదే పని చేశాను. తవిటమ్మత్త నోట ఆ మాట మూడుసార్లు వచ్చింది నా వల్లే. వచ్చి ఆమె కాళ్ళు పట్టుకుంటాను. నన్ను క్షమించమని నిన్ను అడిగే అర్హత నాకు లేదు.

సంస్థకి పంపాల్సిన నివేదికలో నీ పేరు రాశాను. ముందు "స్థానిక మేస్త్రీ" అని రాసి, కొట్టేసి, పేరు రాశాను. నీకు చెప్పకుండా పంపడం ఇష్టం లేదు, అందుకే ఆపాను. నువ్వు వద్దంటే ఏం చేస్తానో నాకే తెలియదు.

దాలమ్మ పెద్దమ్మని ఎవరూ ఏమీ అనకుండా చూడు.

ఈశ్వరి


ఇసుకలపేట,
డిసెంబరు 18.

ఈశ్వరమ్మా,

నువ్వు మొన్న వచ్చినప్పుడు వాన వల్ల చూడలేకపోయినవి రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని నువ్వు కాగితం మీద రాయడం, నేను చదవడం కంటే ఇదే నాకు తేలిక.

పంపమన్నది నేనేనని చెప్పినా, నివేదికలో నా పేరు రాసినందుకు రాంబాబు నీ మీద ఇంకా మండిపడుతూనే ఉన్నాడు. కొట్టుకి మనుషులు తగ్గారట. రమ్మని మూడుసార్లు కబురు పంపాడు. పని అయ్యేదాకా రానని చెప్పాను.

ఇప్పటికి పద్నాలుగు ఇళ్ళయ్యాయి. దక్షిణం వైపు దొడ్లో, నూతులకు దూరంగా. మోటారు పెట్టి నీళ్ళు లాగుతూ అడుగు పోస్తున్నాను. రెండు గదులు, మధ్యలో గోడ. పైన తేరిన నీరు గులకరాళ్ళు పరిచిన కాలువలోకి పోతుంది. ఆ కాలువ మీద అరటి పిలకలు నాటిస్తున్నాను. మూడేళ్ళకొకసారి నిండుతుంది, లారీ పిలిచి తోడించాలి అని ప్రతి ఇంటి గోడ మీదా నా చేత్తోనే తారీఖు వేసి రాస్తున్నాను. ఇంకో ఆరిళ్ళవాళ్ళు సరేనన్నారు. మిగతావాళ్ళు నాతో మాట్లాడరు. ఇద్దరు మాత్రం పాత ట్యాంకే మంచిదని ఇప్పటికీ అంటారు.

దాలమ్మ ఒప్పుకోలేదు. మూడుసార్లు వెళ్ళాను, కూలి వద్దన్నాను. కొత్తది కట్టిస్తే పాతది ఆ పిల్లని చంపిందని తానే ఒప్పుకున్నట్టవుతుందని ఆమె బాధ. నూతి నీళ్ళు వాడటం మానేసి, ముసలి ప్రాణం, రెండు వీధుల అవతల కుళాయి నుంచి బిందె మోసుకొస్తోంది. అంటే నమ్మింది. ఒప్పుకోవడం మాత్రం తన వల్ల కావడం లేదు. ఆ గొయ్యి అలా ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర రాదు.

పోయిన నెల తవిటమ్మ ధర్మేంద్రని పంపింది. ఆ కుర్రాడు గుమ్మం బయటే నిలబడి, నా ముఖం చూడకుండా, పలక మీద రాసి చూపించాడు. అమ్మ కట్టమంటోంది, అడుగు తన కళ్ళ ముందు పొయ్యాలంటోంది అని.

తవ్విన రోజు నుంచి గోడలు లేచేదాకా ఆమె దొడ్లో పీట వేసుకుని కూర్చుంది, ఒళ్ళో పిల్లతో. పిల్ల బతికింది. పిడికెడంత ఉంది గానీ గట్టిగా ఏడుస్తుందట. నాకు వినపడదు, నోరు తెరవడం చూస్తాను. నాలుగు రోజుల్లో తవిటమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అడుగు కాంక్రీటు పోసినప్పుడు లేచి వచ్చి, వంగి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. అంతకుముందే ఇనుప చువ్వలు లెక్కపెట్టింది.

ఆరాక మూత వెయ్యకుండా ట్యాంకు నిండా నీళ్ళు పోయించాను. రెండు రోజులు గోడలు తాగినంత తాగాయి. మళ్ళీ నింపి, నీటి అంచున లోపలి గోడ మీద బొగ్గుతో గీత గీశాను. కారితే నీళ్ళు గీత కిందికి దిగుతాయి. ఒక రోజు చాలు. "వారం ఉంచుదాం" అన్నాను. ఆమె తలూపింది. రోజూ పొద్దున్నా సాయంత్రం వచ్చి చూసి పోయేది. వాన పడకుండా రేకు కప్పింది, ఎండకు ఆరకుండా దాని మీద తడి గోనె వేసింది.

ఇవాళ ఎనిమిదో రోజు. రేకు తీసి ఇద్దరం చూశాం. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

ఆమె పిల్లని నా చేతికిచ్చి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి లోపలికి పెట్టి గీత మీద వేలు ఆనించింది, ఒకసారి కాదు, గోడ పొడుగునా. లేచి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, పిల్లని తీసుకుంది.

"మూసీ బావా" అంది. నాకు వినపడేంత గట్టిగా.

మావయ్య